మారేడుమిల్లికీ కానూరుకీ చట్టం ఒక్కటేనా?

2025 నవంబర్ 18, మంగళవారం పొద్దున. మారేడుమిల్లి అడవిలో మావోయిస్టు నాయకుడు మడావి హిడ్మా, ఆయన భార్య, మరో నలుగురు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. అదే రోజు బెజవాడ పక్కనే కానూరు కొత్త ఆటోనగర్‌లో ఒక భవనాన్ని పోలీసులు చుట్టుముట్టి అందులో ఉన్నవాళ్లను పట్టుకున్నారు. ఎన్టీఆర్, కృష్ణా, ఏలూరు, కాకినాడ, కోనసీమ జిల్లాల్లో కలిపి 50 మందిని అరెస్టు చేశామని అధికారులు ప్రకటించారు.

మా బావకు ఆటోనగర్‌లో లారీ విడిభాగాల కొట్టు ఉంది. ఆ రోజంతా కొట్టుకొచ్చినవాళ్ల నోట ఇవే కబుర్లు. రాత్రి ఫోన్ చేశాడు. "బావా, అడవిలో ఉన్నోళ్లని కాల్చేశారు. మన పక్కనున్నోళ్లనేమో పట్టుకుని కోర్టుకి పంపారు. ఒకటే పార్టీ, ఒకటే రోజు. చట్టాలేమైనా రెండున్నాయా?"

ఒకటేనని చెప్పి ఫోన్ పెట్టేశాను. అది సగం జవాబేనని తర్వాత అనిపించింది. మిగతా సగం కోసమే ఈ వ్యాసం.

"ఎన్‌కౌంటర్" చట్టంలో లేని మాట

మన పేపర్లలో రోజూ కనబడే ఈ మాట భారతీయ న్యాయ సంహితలో లేదు. అంతకుముందున్న ఐపీసీలోనూ లేదు. ఎన్‌కౌంటర్ చేసే అధికారం అంటూ పోలీసులకు ఏ చట్టమూ ఇవ్వలేదు. చట్టం దృష్టిలో జరిగింది ఒక మనిషి చేతిలో మరో మనిషి చావు, అంతే. ఆ చావుకు చట్టం ఒప్పుకునే కారణం ఉందా లేదా అన్నది తర్వాత తేలాల్సిన సంగతి.

పోలీసులు చెప్పుకోగల కారణాలు ప్రధానంగా రెండు. మొదటిది ఆత్మరక్షణ. నా ప్రాణానికో, పక్కవాడి ప్రాణానికో అప్పటికప్పుడు ముప్పు ఉంటే, ఎదుటివాణ్ణి చంపాల్సి వచ్చినా అది నేరం కాదని న్యాయ సంహిత 38వ సెక్షన్ చెబుతుంది. ఇది కానిస్టేబుల్‌కు ఎంత హక్కో మా బావకూ అంతే హక్కు. దీనికి 37వ సెక్షన్‌లో ఒక కళ్లెం ఉంది: కాపాడుకోవడానికి ఎంత అవసరమో అంతే, అంతకు మించి హాని చేయకూడదు.

రెండోది అరెస్టు చేసే అధికారం. పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 43వ సెక్షన్ ప్రకారం, అరెస్టును ఎదిరిస్తుంటే దానికి అవసరమైన అన్ని మార్గాలూ వాడవచ్చు. మరణశిక్షో, యావజ్జీవమో పడే నేరం ఆరోపణ లేని మనిషిని చంపే హక్కు మాత్రం ఇది ఇవ్వదు. ఇక్కడ చాలామంది పొరబడతారు. మావోయిస్టు నాయకుల మీద ఉండేవి ఎక్కువగా హత్య కేసులే కాబట్టి వాళ్లను చంపవచ్చు అన్న అర్థం తీస్తారు. ఆ సెక్షన్ మొత్తం మాట్లాడేది అరెస్టు గురించి. ఎంత బలం వాడినా అది మనిషిని పట్టుకోవడానికే. పట్టుకునే ప్రయత్నమే లేని చోట ఆ సెక్షన్ పనికి రాదు.

తల మీద 50 లక్షలు, కోటి రివార్డు అని పేపర్లో చదివినప్పుడు కూడా ఇదే గుర్తుపెట్టుకోవాలి. రివార్డు ఉన్నంత మాత్రాన మరణశిక్ష పడ్డట్టు కాదు. దాన్ని మనం అలా చదవడం అలవాటు చేసుకున్నాం.

అసలు చిక్కు: ఇది యుద్ధమా, నేరమా

కేంద్ర హోంమంత్రి అమిత్ షా మావోయిజాన్ని తుదముట్టించడానికి 2026 మార్చి 31ని గడువుగా ప్రకటించారు. టీవీ చర్చల్లో వాడే భాషంతా యుద్ధ భాషే: ఆపరేషన్, శత్రువు, కోట, ఆఖరి పోరాటం. అటు మావోయిస్టులు కూడా తమది ప్రజాయుద్ధమనీ, తమకు సైన్యం ఉందనీ చెప్పుకుంటారు. ఇద్దరూ యుద్ధమే అంటున్నప్పుడు కేసులు, పంచనామాలు ఏమిటన్నది బావ అడిగిన దాని వెనకున్న ప్రశ్న.

యుద్ధానికీ చట్టం ఉంది. 1949 నాటి నాలుగు జెనీవా ఒప్పందాల్లోనూ మూడో అధికరణం ఒకటే. ఒక దేశం లోపలే జరిగే సాయుధ ఘర్షణకు వర్తించేది అదే. భారత్ ఈ ఒప్పందాలను 1950లో ఆమోదించింది, 1960లో జెనీవా ఒప్పందాల చట్టం చేసింది. అంతర్గత ఘర్షణల కోసం 1977లో తెచ్చిన రెండో అదనపు ప్రోటోకాల్‌లో మాత్రం చేరలేదు.

దొమ్మీకీ, అల్లర్లకీ, సాయుధ ఘర్షణకీ తేడా ఏమిటి? యుగోస్లావియా యుద్ధ నేరాలను విచారించిన అంతర్జాతీయ ట్రిబ్యునల్ 1995లో టాడిచ్ కేసులో ఇచ్చిన కొలమానాన్నే ఇప్పటికీ అందరూ వాడుతున్నారు. ప్రభుత్వానికీ, వ్యవస్థీకృతమైన సాయుధ బృందానికీ మధ్య చాలాకాలంగా సాగుతున్న సాయుధ హింస ఉండాలి. ఒక కమిటీ, ఒక కమాండర్, ఆదేశాలు, శిక్షణ, ఆయుధాలు: ఇవి ఉంటే వ్యవస్థీకృతమే. మావోయిస్టు ఘర్షణ ఈ కొలతకు సరిపోతుందని కొందరు అంతర్జాతీయ న్యాయ పండితులు అంటారు. భారత ప్రభుత్వం ఒప్పుకోదు. ఇది శాంతిభద్రతల సమస్య అంటుంది. రాజ్యాంగంలో శాంతిభద్రతలు, పోలీసు రాష్ట్రాల జాబితాలోవి. అందుకే అక్కడ ఉన్నది సైన్యం కాదు. మన గ్రేహౌండ్స్, సీఆర్పీఎఫ్, ఛత్తీస్‌గఢ్ డీఆర్జీ, అన్నీ పోలీసు బలగాలే. ఈశాన్యంలోనూ కశ్మీర్‌లోనూ ఉన్న సాయుధ బలగాల ప్రత్యేక అధికారాల చట్టం ఇక్కడ లేదు.

యుద్ధమని ఒప్పుకుంటే మావోయిస్టులకు గుర్తింపు ఇచ్చినట్టవుతుందన్న భయం ప్రభుత్వానికి ఉంది. ఆ భయానికి జవాబు మూడో అధికరణం చివరి వాక్యంలోనే ఉంది: దీన్ని వర్తింపజేసినంత మాత్రాన ఎవరి చట్టబద్ధ హోదా మారదు. అంతర్గత ఘర్షణలో పట్టుబడ్డవాడికి దేశాల మధ్య యుద్ధంలో ఉన్నట్టు యుద్ధఖైదీ హోదా రాదు, మామూలు క్రిమినల్ కేసు పెట్టి శిక్షించవచ్చు.

ఇక నా ఉద్దేశంలో అసలు సంగతి ఇది. యుద్ధం కాదంటే, యుద్ధం ఇచ్చే వెసులుబాటు రాదు. యుద్ధమే అంటే, యుద్ధం పెట్టే హద్దులు కూడా వస్తాయి. వెసులుబాటు అక్కడి నుంచి ఏరుకుని, హద్దులు లేవనడానికి ఇక్కడి మాట వాడుకోవడం కుదరదు. మన చర్చల్లో ఎక్కువగా జరుగుతున్నది అదే.

వెసులుబాటు అంటే ఏమిటి, హద్దు అంటే ఏమిటి? ఉదాహరణతో చూస్తే తప్ప తేలదు.

ఒక దళం, అరగంట

ఇది పూర్తిగా ఊహించిన సంఘటన. ఎనిమిది మంది దళం వాగు ఒడ్డున వంట చేసుకుంటోంది. ఆరుగురి దగ్గర తుపాకులు ఉన్నాయి. పక్క ఊరి నుంచి బియ్యం మోసుకొచ్చిన రైతు ఒకాయన కూడా అక్కడే ఉన్నాడు. కూంబింగ్ పార్టీ 200 గజాల దూరంలో గట్టు మీదికి వచ్చింది. దళం వాళ్లను చూడలేదు.

ఇప్పుడు ముందుగా కాల్చవచ్చా? యుద్ధ చట్టంలో చూస్తే, సాయుధ బృందంలో పోరాడే సభ్యుడు వంట చేస్తున్నా, నిద్రపోతున్నా లక్ష్యమే. హెచ్చరిక అక్కర్లేదు. మన దేశ క్రిమినల్ చట్టంలో చూస్తే, ఆ క్షణంలో వాళ్ల నుంచి ఎవరికీ ముప్పు లేదు. చుట్టుముట్టాలి, లొంగిపొమ్మనాలి, పట్టుకునే ప్రయత్నం చేయాలి. రెండు చట్టాలూ విడిపోయేది సరిగ్గా ఇక్కడే. ప్రభుత్వం తానే ఇది యుద్ధం కాదంది కాబట్టి, వర్తించేది రెండోదే.

2016 జులైలో మణిపూర్ హత్యల కేసులో జస్టిస్ మదన్ లోకూర్, జస్టిస్ యు.యు. లలిత్ ఇదే తరహాలో తేల్చారు. కల్లోలిత ప్రాంతంలో నిషేధాజ్ఞలు ఉండగా ఆయుధం పట్టుకుని కనిపించినంత మాత్రాన ఎవరూ శత్రువు కాడన్నారు. 1,528 మరణాల మీద ఆరోపణలతో వచ్చిన కేసు అది. ప్రత్యేక అధికారాల చట్టం ఉన్న చోటే అంత మాట అన్నారంటే, ఆ చట్టమే లేని మన ఏజెన్సీ సంగతి చెప్పక్కర్లేదు.

కేక వినగానే దళం కాల్పులు మొదలుపెట్టింది. ఇక పోలీసులు తిరిగి కాల్చవచ్చు. ఏ చట్టం ప్రకారం చూసినా అది తప్పు కాదు. ఇద్దరు చనిపోయారు. ఒకడి కాలికి తూటా తగిలి తుపాకి అంత దూరంలో పడింది, చేతులెత్తాడు. ఈ నిమిషం నుంచి రెండు చట్టాలూ మళ్లీ కలిసిపోతాయి. ఆయుధం వదిలేసినవాడు, గాయపడినవాడు, పట్టుబడినవాడు: వీళ్లను చంపకూడదు, హింసించకూడదు, వైద్యం చేయించాలి అని మూడో అధికరణం చెబుతుంది. ముప్పు పోయింది కాబట్టి ఆత్మరక్షణ కూడా పోయింది అని న్యాయ సంహిత చెబుతుంది. ఆ తర్వాత పేలిన ఒక్క తూటా కూడా హత్యే. అతను ఎంతమందిని చంపి ఉన్నా సరే, ఆ లెక్క తేల్చాల్సింది జడ్జి.

మరి ఆ బియ్యం తెచ్చిన రైతు? యుద్ధ చట్టంలో అన్నం పెట్టడం, బరువు మోయడం నేరుగా పోరాటంలో పాల్గొనడం కాదు. అతను పౌరుడు, అతని మీద గురిపెట్టకూడదు. కానీ కాల్పులు అయ్యాక అతని మీద ఉపా, అంటే చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం కింద కేసు రావచ్చు. ఉగ్రవాదికి ఆశ్రయం ఇస్తే ఉపా 19వ సెక్షన్ కింద కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. తుపాకి చూపించి బియ్యం అడిగితే ఇచ్చాడా, ఇష్టపడి ఇచ్చాడా అన్నది కోర్టులో తేలాలి. తేలేదాకా ఏళ్ల తరబడి అతను జైల్లో ఉండవచ్చు. ఒక చట్టం పౌరుడన్నవాణ్ణి ఇంకో చట్టం ముద్దాయి అంటుంది. రెండూ తప్పు కాదు. అడవి అంచు ఊళ్ల బతుకు ఈ సందులోనే నలుగుతుంది.

కాల్పులు ఆగాక: ఎఫ్ఐఆర్ ఎవరి మీద?

చాలాకాలం నడిచిన పద్ధతి ఇది. ఎదురుకాల్పులు జరిగాక ఎఫ్ఐఆర్ నమోదవుతుంది, కానీ అందులో ముద్దాయి చనిపోయినవాడు. పోలీసుల మీద హత్యాయత్నం చేశాడని కేసు. ముద్దాయి బతికిలేడు కాబట్టి కేసు మూసేస్తారు. చంపినవాళ్ల వైపు నుంచి దర్యాప్తు చేయాల్సిన కేసంటూ ఒకటి పుట్టనే పుట్టదు.

ఈ పద్ధతి మీద పోరాటం తెలుగునేల మీదే మొదలైందని చెప్పుకోవచ్చు. ఎమర్జెన్సీలో గిరాయిపల్లిలో విద్యార్థులను కాల్చి చంపిన ఘటన మీద 1977లో భార్గవ కమిషన్ ముందు వాదించింది న్యాయవాది కె.జి. కన్నబిరాన్. తర్వాత పౌరహక్కుల సంఘం జాతీయ మానవహక్కుల కమిషన్‌కు ఇచ్చిన ఫిర్యాదుల ఫలితంగానే, 1997 మార్చి 29న కమిషన్ చైర్మన్ జస్టిస్ ఎం.ఎన్. వెంకటాచలయ్య దేశంలోని ముఖ్యమంత్రులందరికీ లేఖ రాశారు. ప్రాణం తీసే హక్కు పోలీసులకు ఏ చట్టమూ ఇవ్వలేదని, ప్రతి ఎన్‌కౌంటర్ చావు మీదా దర్యాప్తు జరగాలని, అదే స్టేషన్ పోలీసులు కాకుండా సీఐడీ లాంటి వేరే సంస్థ చేయాలని అందులో ఉంది. దేశమంతటికీ వర్తించిన మార్గదర్శకాలకు మూలం మన దగ్గరి ఫిర్యాదులు. దీన్ని గర్వపడే విషయంగా చూడాలో, సిగ్గుపడే విషయంగా చూడాలో నాకు తెలీదు.

2009 ఫిబ్రవరి 6న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం ఇంకో అడుగు ముందుకేసింది. పోలీసు కాల్పుల్లో చావు జరిగితే కాల్చినవాళ్ల మీదే హత్య కింద ఎఫ్ఐఆర్ పెట్టాలంది. ఆత్మరక్షణ కోసమే కాల్చామన్న మాటను దర్యాప్తు అధికారే నమ్మేసి ఫైలు మూసేయకూడదు, దాన్ని కోర్టులో రుజువు చేసుకోవాలంది. కొద్ది వారాల్లోనే సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది.

ఇప్పుడు దేశంలో అమల్లో ఉన్నది 2014 సెప్టెంబర్ 23న పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంస్థ వేసిన కేసులో జస్టిస్ ఆర్.ఎం. లోధా, జస్టిస్ రోహింటన్ నారిమన్ ఇచ్చిన 16 సూత్రాలు. వాటిలో మన పేపర్ పాఠకుడు గమనించగలిగేవి కొన్ని చెబుతాను. ముందస్తు సమాచారం వస్తే దాన్ని ఎక్కడో ఒకచోట రాసిపెట్టాలి. చావు జరిగితే ఎఫ్ఐఆర్ పెట్టి కోర్టుకు పంపాలి. దర్యాప్తు సీఐడీయో, వేరే స్టేషన్ టీమో చేయాలి. పోస్టుమార్టం ఇద్దరు డాక్టర్లు చేయాలి, వీడియో తీయాలి. కాల్చిన ఆయుధాలు అప్పగించాలి. మెజిస్టీరియల్ విచారణ తప్పనిసరి. వెంటనే ప్రమోషన్లు, సాహస పతకాలు ఇవ్వకూడదు. పతకం మాట చిన్నదిగా కనిపిస్తుంది కానీ, దర్యాప్తు తేలకముందే ఒక చావుకు బహుమతి ప్రకటిస్తే ఆ దర్యాప్తు చేసే ఇన్‌స్పెక్టర్ ఏం రాయగలడో ఆలోచించండి.

16 సూత్రాల్లో తేలకుండా ఉండిపోయిన ముక్క ఒకటుంది. ఎఫ్ఐఆర్ పెట్టాలన్నారు గానీ, అందులో ముద్దాయి ఎవరన్నది 2009 తీర్పు చెప్పినంత సూటిగా చెప్పలేదు. పాత పద్ధతికి ఆ సందు చాలు.

కస్టడీ అన్న మాట ఎందుకంత బరువు

మారేడుమిల్లి ఘటన తర్వాత, హిడ్మాను ముందే పట్టుకుని చంపారని మావోయిస్టు పార్టీ, కొన్ని హక్కుల సంఘాలు ఆరోపించాయి. పోలీసులు ఎదురుకాల్పులే అన్నారు. అది తేల్చడం ఈ వ్యాసం పని కాదు. ఆ ఒక్క సంగతి మీద చట్టం ఎంత మారిపోతుందో మాత్రం చెప్పాలి. ఎదురుకాల్పుల్లో చావైతే సాధారణంగా ఆర్డీవోనో, సబ్ కలెక్టరో విచారణ చేస్తారు. వాళ్లు రెవెన్యూ అధికారులు. కస్టడీలో చావైతే నాగరిక్ సురక్షా సంహిత 196వ సెక్షన్ ప్రకారం జ్యుడీషియల్ మెజిస్ట్రేట్, అంటే కోర్టులో కూర్చునే జడ్జి విచారించాలి. ఆత్మరక్షణ వాదన కూడా అక్కడే బలహీనమవుతుంది. చేతికి చిక్కిన మనిషి వల్ల ప్రాణభయం ఎలా వచ్చిందో చెప్పడం కష్టం.

ఇలాంటి ఆరోపణ ప్రతిసారీ నిజమని తేలదు. కృష్ణా జిల్లాకు చెందిన మావోయిస్టు నాయకుడు చెరుకూరి రాజ్‌కుమార్ అలియాస్ ఆజాద్, ఆయనతో పాటు జర్నలిస్టు హేమచంద్ర పాండే 2010 జులైలో ఆదిలాబాద్ అడవిలో చనిపోయారు. గణతంత్ర రాజ్యం తన పిల్లల్ని తానే చంపుకోకూడదని సుప్రీంకోర్టు అప్పుడు వ్యాఖ్యానించింది, దర్యాప్తు సీబీఐకి వెళ్లింది. అది నిజమైన ఎదురుకాల్పులేనని సీబీఐ నివేదిక ఇచ్చింది. ఆ నివేదిక మీద అసంతృప్తి ఉన్నవాళ్లు ఉన్నారు. అయినా బయటి సంస్థ ఒకటి చూసి ఒక మాట చెప్పింది.

పోలీసుల వైపు నుంచి చూస్తే

హక్కుల మాట ఎత్తగానే "చచ్చిపోయిన జవాన్లకు హక్కుల్లేవా" అనే ప్రశ్న వస్తుంది. కోపంతో అడిగినా అది సరైన ప్రశ్నే. 2008 జూన్ 29న బలిమెల రిజర్వాయర్‌లో పడవ మీద జరిగిన దాడిలో 38 మంది పోయారు, అత్యధికులు మన గ్రేహౌండ్స్ వాళ్లు. 2010 ఏప్రిల్ 6న దంతెవాడ జిల్లాలో ఒక్క పొద్దున 76 మంది. మందుపాతర ఎక్కడుందో తెలియని దారిలో నడిచేవాడిని "ముందు లొంగిపొమ్మని అడిగావా" అని ఏసీ గదిలో కూర్చుని అడగడం తేలికే అంటారు పోలీసు అధికారులు. చీకట్లో, వానలో, రెండు క్షణాల్లో తీసుకున్న నిర్ణయాన్ని రెండేళ్ల తర్వాత కోర్టులో రెండు గంటలు చీల్చి చూడటం న్యాయమేనా అన్నది వాళ్ల వాదన. ప్రతి కాల్పులకూ కాల్చినవాడే హత్య కేసులో ముద్దాయి అయితే, రేపు ఎవడూ తుపాకి పట్టుకుని ముందుకు వెళ్లడు అంటారు.

ఈ వాదనకు చట్టంలో చోటు ఉంది. ఆత్మరక్షణను బంగారం తూచే త్రాసులో తూచకూడదని కోర్టులు ఎన్నోసార్లు అన్నాయి. సదుద్దేశంతో అధికారాన్ని కాస్త మీరితే అది హత్య కాదు, హత్య కాని ప్రాణహాని అని న్యాయ సంహిత 101వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. కాబట్టి చట్టం అడిగేది నిజాయితీగా పొరబడ్డ కానిస్టేబుల్‌ను ఉరితీయమని కాదు. ఆ పొరపాటు నిజాయితీదేనని తేల్చే అధికారం అతని పై అధికారికే వదిలేయవద్దని.

తుపాకి రెండో కొసన

మూడో అధికరణం ప్రభుత్వానికే కాదు, ఘర్షణలో ఉన్న "ప్రతి పక్షానికీ" వర్తిస్తుంది. ఆ కొలతతో చూస్తే మావోయిస్టుల చరిత్ర కూడా తేలిగ్గా బయటపడదు. ఇన్‌ఫార్మర్ అని ముద్ర వేసి, ప్రజాకోర్టు పెట్టి, పొద్దున్నకి గొంతు కోసి దారి మీద పడేయడం ఉంది చూశారా, అది రెండు నిషేధాలను ఒకేసారి దాటుతుంది. ఒకటి నిరాయుధుణ్ణి చంపడం, రెండోది సరైన న్యాయస్థానం లేకుండా శిక్ష వేయడం. బందీలుగా పట్టుకోవడం కూడా నిషిద్ధమే. 1987 డిసెంబర్‌లో తూర్పు గోదావరి మన్యంలో గుర్తేడు దగ్గర ఎస్.ఆర్. శంకరన్‌తో సహా ఐఏఎస్ అధికారులను ఎత్తుకెళ్లి, జైల్లో ఉన్న తమవాళ్ల విడుదల కోసం బేరం పెట్టింది ఇలాంటి పనే. గిరిజనుల కోసం జీవితమంతా పనిచేసిన అధికారి ఆయన. 2018 సెప్టెంబర్‌లో అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమను పట్టపగలు చంపడం కూడా ఆ కోవలోదే.

విచిత్రం ఏమిటంటే, అదే శంకరన్ పదేళ్ల తర్వాత పౌరస్పందన వేదిక పెట్టి ఇద్దర్నీ కూర్చోబెట్టే ప్రయత్నం చేశారు. 2004 అక్టోబర్‌లో పల్నాడు గుత్తికొండ బిలం దగ్గర సభ పెట్టి మావోయిస్టు నాయకుడు ఆర్కే బృందం హైదరాబాద్ చర్చలకు వెళ్లిన రోజులు గుంటూరు జిల్లా పెద్దవాళ్లకు ఇంకా గుర్తే. 2005 జనవరికి చర్చలు చెడిపోయాయి.

ఈ రెండో వైపు హింస గురించి మాట్లాడాలా వద్దా అన్న ప్రశ్న మన హక్కుల ఉద్యమాన్నే చీల్చింది. హక్కుల సంఘం నిలదీయాల్సింది చట్టానికి కట్టుబడి ఉంటానని ప్రమాణం చేసిన రాజ్యాన్నే, మిగతావాళ్లను శిక్షించడానికి రాజ్యం ఉండనే ఉంది అని ఒక వాదం. మనిషి ప్రాణం ఎవరు తీసినా హక్కే పోయింది, ప్రశ్న ఇద్దరికీ వేయాలి అని రెండో వాదం. హక్కుల ఉద్యమ నాయకుడు కె. బాలగోపాల్ రెండో వైపు నిలిచి, 1998లో పౌరహక్కుల సంఘం నుంచి బయటికొచ్చి మానవ హక్కుల వేదిక స్థాపనలో భాగమయ్యారు. మొదటి వాదంలో తర్కం లేకపోలేదు. కానీ ఇన్‌ఫార్మర్ అని చంపిన మనిషి భార్యకు ఆ తర్కం ఎలా చెబుతారో నాకు అర్థం కాదు.

కానూరు వైపు: ప్రాణంతో పట్టుబడ్డాక

అరెస్టుతో కథ తేలికైపోదు. 24 గంటల్లో మెజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతుంది. డి.కె. బసు కేసు తీర్పు ప్రకారం అరెస్టు మెమో రాయాలి, బంధువులకు చెప్పాలి, వైద్యపరీక్ష చేయించాలి. ఉపా కేసుల్లో కూడా అరెస్టుకు కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాల్సిందేనని 2024 మేలో సుప్రీంకోర్టు ప్రబీర్ పురకాయస్థ కేసులో తేల్చింది. ఎమర్జెన్సీ ప్రకటించినా 20, 21 అధికరణాలను సస్పెండ్ చేయడం కుదరదని 44వ రాజ్యాంగ సవరణ చేసింది. ఇక ఎమర్జెన్సీ లేని కానూరులో ఆ ప్రశ్నే రాదు.

ఇవన్నీ పాటించినా ఉపాలో బెయిల్ గగనమే. చార్జిషీటుకు 180 రోజుల దాకా గడువు పొడిగించవచ్చు. ఆరోపణ పైకి నిజమనిపిస్తే చాలు, బెయిల్ ఇవ్వకూడదని 43డి(5) సెక్షన్. మావోయిస్టు పార్టీ 2009 నుంచి ఈ చట్టం కింద నిషిద్ధ సంస్థ. నిషిద్ధ సంస్థలో సభ్యత్వం ఒక్కటే నేరం అవుతుందా అన్నదాని మీద సుప్రీంకోర్టు 2011లో కాదంది, 2023లో అవుతుందని ఆ మాట వెనక్కి తీసుకుంది. విచారణ ఏళ్ల తరబడి సాగితే ఈ అడ్డంకి ఉన్నా బెయిల్ ఇవ్వవచ్చని 2021లో నజీబ్ కేసులో అంది. మొత్తం మీద బతికి పట్టుబడినవాడికి కోర్టు దొరుకుతుంది, తీర్పు ఎప్పుడన్నది వేరే సంగతి.

లొంగిపోయినవాళ్ల మాట కూడా బావ అడిగాడు. లొంగుబాటుతో పాత కేసులు వాటంతటవే పోవు. ప్రభుత్వ న్యాయవాది వెనక్కి తీసుకుంటానంటే కోర్టు ఒప్పుకోవాలి.

చనిపోయినవాళ్లకు మిగిలే హక్కు

శవానికి హక్కులేమిటని కొందరు నవ్వుతారు. 2025 మే 21న అబూజ్‌మాడ్‌లో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు చనిపోయినప్పుడు, శ్రీకాకుళం జిల్లాలోని బంధువులు మృతదేహం కోసం మన నేలపాడులోని హైకోర్టుకే వచ్చారు. చివరికి దహనం నారాయణపూర్‌లోనే జరిగిపోయింది. మృతదేహాన్ని గౌరవంగా సాగనంపడం కూడా 21వ అధికరణంలో భాగమేనని కోర్టులు చెప్పాయి. దీనికి ఇంకో కోణం ఉంది. తూటా ఎంత దగ్గర నుంచి తగిలిందో, చేతుల మీద కట్టిన గుర్తులున్నాయో లేదో చెప్పేది ఆ దేహమే. కాలిపోయాక రెండో పోస్టుమార్టం అడగడానికి ఏమీ మిగలదు.

ఇదంతా చెప్పాక బావ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు: "సరే, విచారణ పెట్టారే అనుకుందాం. చూసినోళ్లెవరొచ్చి చెబుతారు బావా?"

ఇలాంటి విచారణలకు ముందు సాధారణంగా పేపర్లో ఒక ప్రకటన వస్తుంది. లోపలి పేజీలో, టెండరు నోటీసుల మధ్య నాలుగు లైన్లు. ఫలానా ఘటన గురించి తెలిసినవారు ఫలానా తేదీన ఆఫీసుకు వచ్చి వాంగ్మూలం ఇవ్వవచ్చని. అది తెలుగులో ఉంటుంది. చూసినవాడు కోయ మాట్లాడతాడు. వాడి ఊరికి పేపర్ రాదు. ఎవరైనా చెప్పి తెలిసినా, కొండ దిగి, రోజుకు ఒకటో రెండో వచ్చే బస్సెక్కి, ఆఫీసు బయట బెంచీ మీద కూర్చోవాలి. ఆ బెంచీ మీద వాణ్ణి పోలీసులు చూస్తారు. ఊరికి తిరిగి వెళ్లాక, ఏం చెప్పి వచ్చావని అడిగేవాళ్లు వేరే ఉంటారు.